మూడు గడియారాల సంవత్సరం: 2024 సైన్స్ ఫిక్షన్‌ని ఎలా లెక్కపెట్టాలి?

మా మేనల్లుడు కూకట్‌పల్లిలో ఉంటాడు. 2024 డిసెంబరులో ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక, "మామయ్యా, ఈ ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి పండగే కదా!" అన్నాడు. కల్కి, డ్యూన్ రెండో భాగం సినిమాలు, త్రీ బాడీ ప్రాబ్లమ్, ఫాలౌట్ సిరీస్‌లు, హెల్‌డైవర్స్ గేమ్ అంటూ వేళ్లు మడిచాడు. పక్కనే ఉన్న బావగారు అందుకున్నారు. "అందులో కొత్తది ఏముందిరా? ఒకటేమో నేను పుట్టిన ఏడాది పుస్తకం. ఇంకోటి నువ్వు పలక పట్టకముందు గేమ్. చివరికి మన సినిమా కూడా మహాభారతమే."

తండ్రీకొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. నాకు మాత్రం ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించింది. చిక్కంతా "ఈ ఏడాది" అన్న మాటలోనే ఉంది. పుస్తకానికి ఏడాది ఒకలా నడుస్తుంది, తెరకి ఇంకోలా, గేముకి మరోలా. మూడు గడియారాలు మూడు వేగాలతో తిరుగుతుంటే, మనం మూడింటినీ ఒకే గోడకు తగిలించి టైము చూస్తున్నాం. అందుకే ఒకరికి అంతా కొత్తగా, ఇంకొకరికి అంతా పాతగా కనిపిస్తోంది. ఆ రోజు వాళ్లకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు కొంచెం నిదానంగా చెబుతాను.

ఇసుక మీద 59 ఏళ్లు

డ్యూన్ రెండో భాగం 2024 మార్చి 1న విడుదలైంది. నేను ప్రసాద్స్‌లో పెద్ద తెర మీద చూశాను. అక్కడ ఐమ్యాక్స్ పోయి ఏళ్లు గడిచినా మనం ఇప్పటికీ "ఐమ్యాక్స్‌కి వెళ్తున్నాం" అనే అంటాం. వంద అడుగులు దాటిన ఆ తెర మీద హీరో మొదటిసారి ఇసుక పురుగు మీదికి ఎక్కేటప్పుడు కుర్చీలు వణికాయి. నా ముందు వరుసలో ఒకాయన కూల్‌డ్రింక్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి, తాగకుండా అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ఆ ఇసుక పురుగు పుట్టింది ఒక పత్రికలో. ఫ్రాంక్ హెర్బర్ట్ ఈ ఎడారి గ్రహం కథని 1963 నుంచి 1965 దాకా అనలాగ్ అనే అమెరికన్ పత్రికకి సీరియల్‌గా రాశాడు. పుస్తకంగా వెయ్యమంటే ఇరవై మంది దాకా ప్రచురణకర్తలు తిప్పిపంపారు. చివరికి 1965లో వేసింది చిల్టన్ అనే సంస్థ. దానికి పేరొచ్చింది కార్ల రిపేరు పుస్తకాలతో! అక్కణ్నుంచి 1984లో ఒక సినిమా, 2000లో ఒక టీవీ సిరీస్, 2021లో డెనీ విల్‌నవ్ తీసిన మొదటి భాగం, 2024లో రెండోది. అది కూడా అసలు 2023 నవంబరులోనే రావాల్సింది. హాలీవుడ్ నటుల సమ్మె వల్ల వెనక్కి జరిగింది. అంటే మనం "2024 సినిమా" అంటున్నది 2023 కోసం సిద్ధం చేసిన, 1965 నాటి కథ.

ఈ దారిలో ఒక మలుపు గురించి జనానికి అంతగా తెలియదు. 1992లో డ్యూన్ 2 అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. ఎడారిలో మసాలా దినుసు తవ్వుకోవడం, దాంతో వచ్చిన డబ్బుతో కోట కట్టుకోవడం, సైన్యాన్ని పెంచుకుని పక్కవాడి మీద పడటం, ఇదంతా ఆగకుండా ఒకేసారి జరగడం దాని పద్ధతి. తర్వాత వచ్చిన రియల్ టైమ్ స్ట్రాటజీ గేములన్నీ దాదాపు ఆ అచ్చులోనే పోసినవి. 2000 సంవత్సరం దాటిన కొత్తలో అమీర్‌పేటలో గంటకి ఇంత అని కట్టి నెట్ సెంటర్లలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడిన కుర్రాళ్లలో డ్యూన్ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? అయినా వాళ్ల చేతివేళ్లకి ఆ ఎడారి నడక అలవాటైంది. విల్‌నవ్ సినిమా కంటే చాలా ముందే ఆ పుస్తకం అమీర్‌పేటకి చేరింది, వేరే వేషంలో.

తెర గడియారం ఇంత నెమ్మదిగా తిరగడానికి కారణం డబ్బు. వందల కోట్లు పెట్టేవాళ్లు, రెండు మూడు తరాలు చదివి తలకెక్కించుకున్న కథ అయితేనే ధైర్యం చేస్తారు. పైగా ఆ కథని తీసేవాడు దాన్ని చిన్నప్పుడు చదివి ఉండాలి. విల్‌నవ్ టీనేజిలో చదివాడు. పుస్తకం ఒక పిల్లవాడి చేతికి అంది, వాడు పెద్దవాడై, దర్శకుడై, వాడి చేతిలో అంత డబ్బు పెట్టే నమ్మకం ఎవరికో కలగాలంటే ముప్ఫై నలభై ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి.

త్రీ బాడీ ప్రాబ్లమ్ ఈ లెక్కలో తొందరగా వచ్చినట్టే. ల్యూ సిషిన్ ఒక విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీరుగా పనిచేస్తూ రాసిన కథ అది. చైనాలో చెంగ్డు నుంచి వచ్చే సైన్స్ ఫిక్షన్ వరల్డ్ అనే పత్రికలో 2006లో సీరియల్‌గా వచ్చింది. 2008లో పుస్తకమైంది. 2014లో ఇంగ్లిషులోకి వెళ్లింది, 2015లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు గెలిచింది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2024 మార్చి 21న వచ్చింది. పేరు భౌతికశాస్త్రం నుంచి తీసుకున్నారు. రెండు గోళాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరిగితే అవి రేపు ఎక్కడుంటాయో లెక్కగట్టొచ్చు. మూడోది చేరిందా, అన్ని సందర్భాలకీ పనికొచ్చే సూత్రమంటూ ఉండదు. మూడు సూర్యుళ్ల మధ్య చిక్కిన గ్రహంలో రేపు పొద్దు పొడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అక్కడి జీవులు మన భూమి మీద కన్నేస్తారు. వాళ్లు ఇక్కడికి చేరడానికి 400 ఏళ్లు పడుతుంది. ఆ 400 ఏళ్లలో మనిషి ఏం చేస్తాడన్నదే కథ. ఆ గ్రహం సంగతి పాత్రలకి ముందుగా తెలిసేది ఒక వర్చువల్ గేమ్ ఆడటం వల్ల. అంటే తెరకి ఎక్కకముందే ఆ పుస్తకం కడుపులో ఒక గేమ్ ఉంది.

సిరీస్‌లో చైనా శాస్త్రవేత్తల స్థానంలో ఎక్కువగా ఆక్స్‌ఫర్డ్ స్నేహితుల్ని పెట్టారు. నాకది నచ్చలేదు. 1966లో ఒక ప్రొఫెసర్ని జనం మధ్య నిలబెట్టి కొట్టే మొదటి దృశ్యం కళ్లలోంచి పోదు. ఆయన కూతురికి మనుషుల మీద నమ్మకం పోయింది ఆ నేల మీద, ఆ రోజు. ఆ నేలని వదిలేసి కథని విమానం ఎక్కించాక అంత బరువు మళ్లీ రాలేదు.

ఆగని గేమ్

ఫాలౌట్ దీనికి ఎదురుదారిలో వచ్చింది. 1997లో గేమ్‌గా పుట్టి, 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ అయింది. 2077లో అణుయుద్ధం జరిగింది. కొంతమంది భూగర్భంలో వాల్ట్‌లు కట్టుకుని దాక్కున్నారు. రెండు శతాబ్దాల తర్వాత ఒక అమ్మాయి పైకి వస్తుంది. తీసినవాళ్లు ఒక తెలివైన పని చేశారు. ఏ గేమ్ కథనీ తిరిగి చెప్పలేదు. ఆ లోకం, దాని చరిత్ర, దాని నియమాలు తీసుకుని 2296లో కొత్త మనుషుల్ని నడిపించారు. గేములో కథ కంటే లోకం పెద్దది. ఆడేవాడు తన కథ తనే రాసుకుంటాడు కాబట్టి గేమ్ ఇవ్వగలిగేది లోకాన్నే. అంతకుముందు గేముల మీద తీసిన సినిమాలు ఎన్నో బోల్తా కొట్టింది ఈ తేడా పట్టుకోలేకే.

సిరీస్ చూసిన జనం గేముల మీద పడ్డారు. ఒకే రోజులో అన్ని ఫాలౌట్ గేములూ కలిపి దాదాపు 50 లక్షల మంది ఆడారని ఆ గేముల సంస్థ బెథెస్డా ప్రకటించింది. ఏప్రిల్ 25న ఫాలౌట్ 4కి పెద్ద అప్‌డేట్ కూడా వచ్చింది. ఆ గేమ్ అసలు విడుదలైంది 2015లో. ఇప్పుడు అది 2015 గేమా, 2024 గేమా? పుస్తకానికి ఈ ప్రశ్న రాదు. అచ్చయిన రోజున పుస్తకం ఆగుతుంది, గేమ్ ఆగదు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాకుండా మేనల్లుడి గదిలో అర్థమైంది. హెల్‌డైవర్స్ 2 ఫిబ్రవరి 8న వచ్చింది. ఒక రాత్రి పదకొండు దాటాక వాడు హెడ్‌సెట్ పెట్టుకుని, "వెనక్కి రండ్రా, వెనక్కి రండి, అక్కడ పిల్లలున్నారు" అని అరుస్తున్నాడు. అక్కయ్య కంగారుగా పరుగెత్తుకొచ్చింది. అందులో ఆడేవాళ్లంతా ఒకే యుద్ధంలో సైనికులు. ప్రపంచంలో ఏ మూలనుంచి ఆడినా గెలుపోటములు ఒకే నక్షత్రపటం మీద పడతాయి. స్టాక్‌హోమ్‌లోని ఆరోహెడ్ స్టూడియోలో ఒక మనిషి కూర్చుని, ఆటలో ఏం జరుగుతోందో చూస్తూ కథని నడిపిస్తాడు. ఆ మేలో ఆడేవాళ్ల ముందు ఒక ఎంపిక పెట్టారు. ఒక గ్రహాన్ని గెలిస్తే కొత్త మందుపాతరలు దొరుకుతాయి, ఇంకో గ్రహాన్ని గెలిస్తే పిల్లల ఆసుపత్రిలో చిక్కుకున్నవాళ్లు బతుకుతారు. రెండింటికీ టైము చాలదు. ఆడేవాళ్లు మందుపాతరలు వదులుకుని పిల్లల వైపు వెళ్లారు. ఆ తర్వాత స్టూడియో పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థకి నిజంగానే విరాళం పంపింది. మావాడు ఆ రాత్రి అరిచింది ఆ పిల్లల కోసమే. తెర మీద వాళ్లు కనిపించనుకూడా కనిపించరు, పటం మీద ఒక పేరు, పక్కన శాతం అంతే. అయినా వాడి గొంతు వణికింది. ఈ కథని ముందుగా ఎవరూ రాసి పెట్టలేదు. రాసినవాళ్లు లక్షల మంది, వాళ్లలో వాడొకడు. 2024లో సైన్స్ ఫిక్షన్‌లో నిజంగా కొత్తది ఏదని ఎవరైనా అడిగితే ముందు దీన్నే చూపిస్తాను.

అవార్డుల ఏడాది

పుస్తకాల గడియారం ఒక ఏడాది వెనక నడుస్తుంది. 2024 ఆగస్టులో గ్లాస్గోలో ఇచ్చిన హ్యూగో అవార్డులు 2023లో అచ్చయినవాటికి. ఉత్తమ నవల ఎమిలీ టెష్ రాసిన సమ్ డెస్పరేట్ గ్లోరీ. ఆ ఓటింగులోనే 377 దొంగ ఓట్లు పట్టుకుని తీసేశారు. అంతకుముందు ఏడాది అవార్డులు చెంగ్డులో జరిగాయి. ఆ లెక్కలు 2024 జనవరిలో బయటికొచ్చాక, ఆర్.ఎఫ్. కువాంగ్ నవల బేబెల్‌తో పాటు కొన్నింటిని కారణం చెప్పకుండా పోటీ నుంచి తప్పించారని తేలింది. పాఠకులు తమ జేబులోంచి సభ్యత్వం కట్టి వేసే ఓట్ల మీద నిలబడ్డ అవార్డు అది. ఆ నమ్మకానికి తగిలిన దెబ్బ చిన్నది కాదు.

సైన్స్ ఫిక్షన్‌కే ఇచ్చే ఇంకో అవార్డు నెబ్యులా మన పక్కింటికి వచ్చింది. గెలిచిన ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్ రచయిత వజ్ర చంద్రశేఖర శ్రీలంకవాడు. బుద్ధుడి కొడుకు రాహులుడి కథ నీడలోంచి మొదలై, శరణార్థి శిబిరాలు ఉన్న నేటి నగరంలోకి వస్తుంది. పాత గాథని పట్టుకుని ఇవాళ్టి రాజకీయాన్ని ఎలా రాయొచ్చో ఆ పుస్తకం చేసి చూపించింది.

నవంబరులో బుకర్ గెలిచిన సమాంతా హార్వే నవల ఆర్బిటల్ సైన్స్ ఫిక్షనేనా అని కొంత చర్చ నడిచింది. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒకే ఒక్క రోజు, భూమి చుట్టూ 16 ప్రదక్షిణలు. అందులో నిజంగా జరగడానికి వీల్లేనిదేదీ లేదు. ఆ పుస్తకానికి బహుమతి ఇచ్చిన రోజున సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలోనే ఉన్నారు. ఎనిమిది రోజుల పనికని జూన్‌లో వెళ్లి, అయిదు నెలలైనా తిరిగి రాలేదు. ఆ చలికాలంలో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పైన నిలబడి అంతరిక్ష కేంద్రం వెళ్లడం చూశాం. మినుకుమినుకుమనకుండా, విమానం కంటే వేగంగా ఒక చుక్క కదిలిపోయింది. గంటకి 28,000 కిలోమీటర్ల వేగం అది. పక్క ఫ్లాటు పిన్నిగారు చేతులు జోడించి, "తల్లీ, క్షేమంగా దిగమ్మా" అన్నారు. ఆ నవల ఏ కోవలోకి వస్తుందన్న చర్చ నాకు అక్కడితో ముగిసింది.

నానమ్మ చెప్పిన కథ

ఇక మన కల్కి 2898 ఏడీ. సంక్రాంతికి అనుకున్నది మేకి, మే నుంచి జూన్ 27కి జరిగింది. తెలంగాణలో పొద్దున్న అయిదున్నరకే షోలు వేసుకోనిచ్చారు. నేను ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూశాను. నా పక్క సీట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు, వాడి నానమ్మ. అమితాబ్ నుదుటి మీద గాయం కనపడగానే పిల్లవాడు "అదేంటి నానమ్మా?" అన్నాడు. ఆవిడ వాడి చెవిలో, "అశ్వత్థామరా. నిద్రపోతున్న పిల్లల్ని చంపాడు, ఉత్తర కడుపులో బిడ్డ మీదికీ అస్త్రం వేశాడు. తలమీద మణి లాగేసుకుని, చావు లేకుండా తిరగమని కృష్ణుడు శపించాడు. ఆ పుండు మానదు" అని చెప్పేసింది. అర నిమిషం కూడా పట్టలేదు.

అక్కడే నాకు విషయం తెలిసింది. డ్యూన్ చూసేవాడికి ఆ లోకం తెలియాలంటే 1965 పుస్తకం ఉంది. కల్కి చూసేవాడికి ఆ పనిని పక్క సీట్లో నానమ్మ చేసింది. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమా వెనక నవల లేదు, కానీ అంతకంటే పాతది, ఇంటింటా ఉన్నది ఒకటుంది. పేరులో ఉన్న సంఖ్య కూడా ఆ లెక్కే. కలియుగం మొదలైందని చెప్పే క్రీస్తుపూర్వం 3102కి 2898 కలిపితే 6000.

అందుకే బావగారు "మహాభారతమే కదా" అనడం తప్పు కాదు. అది చిన్నచూపు మాట కావాల్సిన పనీ లేదు. అయితే ఆ సినిమాలో ఎక్కడ నేల గట్టిగా ఉందో, ఎక్కడ కాలు దిగబడుతోందో చూడండి. అశ్వత్థామ ఉన్న ప్రతిచోటా గట్టిగా ఉంది. కాశీ మీద వేలాడే కాంప్లెక్స్, యూనిట్లనే అక్కడి డబ్బు కూడబెట్టి అందులోకి పోవాలనుకునే జనం, ఎండిపోయిన గంగ, వీటి దగ్గర పలచబడింది. గంగే ఎండిపోతే ఆ కాశీ జనం రోజూ ఏం తాగుతున్నారు? ఆ నీళ్లు ఎవరు తెస్తారు, బిందెకి ఎంత తీసుకుంటారు? డ్యూన్‌లో ఎడారి మనుషులు ఒంటి చెమటని కూడా పట్టి తిరిగి తాగే దుస్తులు వేసుకుంటారు. ఎదుటివాడి ముందు ఉమ్మడం అక్కడ మర్యాద, తన ఒంట్లోని నీళ్లు ఇచ్చినట్టు. ఇవి ఒక్క రాత్రిలో తట్టే ఊహలు కావు. పేజీ మీద నెలల తరబడి కూర్చుంటే వచ్చేవి. నవల రాసేవాడు నీళ్ల ప్రశ్న తప్పించుకోలేడు. సినిమాకి ఒక ఛేజ్ సీన్ పెట్టి దాటేసే వీలుంది.

2024 ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండింది. ట్యాంకర్ బుక్ చేస్తే మూడో రోజుకి వచ్చింది, రాత్రి రెండింటికి. మగవాళ్లం లుంగీలతో కిందికి దిగి సంపు మూత తీసి నిలబడ్డాం. పైపులోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ ఎవరూ మాట్లాడలేదు. 2898 దాకా పోనక్కర్లేదు, 2060లో కూకట్‌పల్లి ఎలా ఉంటుందో ఆ సంపు దగ్గర నిలబడి రాయొచ్చు.

కల్కి ఇందులో మొదటిది కూడా కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 తీశారు. కథలో సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనం జరుగుతుంది. టైమ్ మెషీన్ 1526లో కృష్ణదేవరాయల దగ్గరికీ, ఆ తర్వాత 2504కీ వెళ్తుంది. దాని వెనకా తెలుగు నవల లేదు. ముప్ఫై మూడేళ్ల తేడాతో రెండు పెద్ద సినిమాలు, రెంటికీ వెనక అల్మారా ఖాళీ. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి వెళ్లి స్టాలు స్టాలూ తిరిగి తెలుగులో సైన్స్ ఫిక్షన్ నవలలు అడిగాను. ఒక కుర్రాడు మంచి మనసుతో పిల్లల సైన్స్ ప్రయోగాల పుస్తకం చేతిలో పెట్టాడు.

మన దగ్గర ఊహ లేక కాదు ఇది. డ్యూన్ పత్రికలో పుట్టింది, త్రీ బాడీ ప్రాబ్లమ్ పత్రికలో పుట్టింది. మనకీ వారపత్రికలు ఉన్నాయి, ప్రతి గురువారమో శుక్రవారమో కొట్టు ముందు జనం నిలబడి కొనుక్కున్న రోజులు ఉన్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ లాంటివాళ్లు అంతరిక్షం మీద రాస్తే చదివిన లక్షల మంది ఉన్నారు. ఆ పత్రికలు చాలావరకు ఒకటొకటిగా ఆగిపోయాయి. వారానికి కొన్ని పేజీలు రాసి, పాఠకుల ఉత్తరాలు చదువుకుని, వచ్చేవారం సరిదిద్దుకునే చోటు పోయింది. మూడు గడియారాల కంటే ముందు నడవాల్సిన చిన్న గడియారం అది. ఇంగ్లిషులో కూడా దానికి సుఖం లేదు. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక, ఏఐతో రాయించి పంపుతున్న కథలు వెల్లువెత్తడంతో కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. అయినా అక్కడ మళ్లీ తలుపు తెరిచేందుకు ఒక పత్రిక ఉంది.

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పుస్తకాల మధ్య ఒకసారి కుట్టించిన సీరియల్ దొరికింది. ఎవరో ఇల్లాలు వారం వారం పేజీలు చింపి దాచి, దారంతో కుట్టి, పెళ్లి శుభలేఖ అట్ట వేసింది. మొదటి పేజీ లేదు, రచయిత పేరు తెలియదు. అంతరిక్షంలో దారి తప్పిన ఒక తెలుగు ఇంజనీరు కథ. వెనక పేజీల్లో కుట్టు మిషన్ ప్రకటనలు, ఒక చోట పెన్సిల్‌తో పాల లెక్క. అరవై రూపాయలకి ఇచ్చాడు. మేనల్లుడికి ఇస్తే ఒక్క రాత్రిలో చదివేసి పొద్దున్నే ఫోన్ చేశాడు, "చివరి రెండు వారాలు లేవేంటి మామయ్యా?" అని. ఆ కొట్టతనికి చెప్పి పెట్టాను. ప్రతి ఆదివారం వెళ్లి అడుగుతున్నాను.